ఉప్పునీటి జాడ: తెల్లరంగు అక్షరాలు

పోయిన వారం ఏంజలిన్‌ని ల్యాబులో కంప్యూటరు ముందు నోట మాట లేకుండా కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్లని ఇంకా అలాగే ఉంచడం న్యాయం కాదు. కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేసి ఆమె దగ్గరికే వెళ్దాం.

ఏంజలిన్, శామ్ మొగుడూ పెళ్లాలు. మేనత్త కొడుకునే చేసుకుంది కాబట్టి 'బావా' అన్న పిలుపు పెళ్లయ్యాక కూడా మారలేదు. ఇద్దరూ ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీ క్యాంపస్‌లో సముద్రాన్ని కొలిచే ఒక ల్యాబులో పనిచేసేవాళ్లు. అక్కడ డ్రిఫ్టర్లు తయారవుతాయి. పుచ్చకాయంత పసుపుపచ్చ బంతి, దాని కింద నల్లటి మెడ, ఆ మెడలో చిటికెన వేలు కూడా దూరని గాజు గొట్టం. ఇంట్లో అందరూ దాన్ని 'బుర్ర' అనేవారు. ఓడ మీంచి వదిలేస్తే బుర్ర మనిషి తోడు లేకుండా అలల మీద తిరుగుతుంది. పై నీరు ఎంత వెచ్చగా ఉంది, అందులో ఉప్పు ఎంత అని కొలుస్తుంది. తను ఎక్కడుందో కూడా కలిపి ఉపగ్రహానికి చెబుతుంది. వానాకాలంలో నదులన్నీ వచ్చి పడి బంగాళాఖాతం పై నీటిలో ఉప్పు పలచబడిపోతుంది. ఆ పలచటి నీరు ఎంతదూరం పరుచుకుందో తెలిస్తే తుపానుల సంగతి ఇంకాస్త ముందుగా పసిగట్టొచ్చని ల్యాబుకి పెద్దయిన రాధారాణి మేడమ్ ఆశ.

కిందటి వానల్లో శామ్ ఓడెక్కి వెళ్లి వదిలినవాటిలో ఒక బుర్ర మొదటి రోజు నుంచే తేడా చూపించింది. ఓడవాళ్లు అక్కడి నీళ్లే సీసాలో పట్టి చూస్తే కిలో నీళ్లకి ఉప్పు ముప్పై మూడు గ్రాములు. బుర్ర మాత్రం ముప్పై ఒకటి అంది. వదిలేముందు ల్యాబు వెనకాల ఆరుబయట ఉన్న ఉప్పునీటి తొట్టిలో ముంచి సరిచూడాల్సింది శామే. చూశానన్నాడు. తొట్టి లెక్కలు దాచే కంప్యూటరు ఆ వారమే చెడిపోయింది కాబట్టి చూపించడానికి అతని దగ్గర మాట తప్ప ఏమీ లేకపోయింది. ఆ మాట ఎవరూ నమ్మలేదు. కాంట్రాక్టు ఉద్యోగం పోయింది. ఓడ విశాఖలో ఆగితే దిగినవాడు దిగినట్టే ఎటో వెళ్లిపోయాడు, ఫోను నంబరు కూడా మార్చేశాడు.

అప్పట్నుంచీ ఏంజలిన్‌కి మొగుడి జాడ అంటే ఆ తప్పుడు బుర్ర చుక్క ఒక్కటే. దాన్ని ఆఖరుగా ముట్టుకున్నవి అతని చేతులు. పొద్దున్న లేవగానే ఫోనులో అది ఎక్కడుందో చూసుకునేది, అక్కడి నీరు వెచ్చగా ఉందో చల్లగా ఉందో చూసుకునేది, ఆ తరవాతే మొహం కడుక్కునేది. పోయిన వారం ఆ చుక్క శ్రీకాకుళం జిల్లా బారువ ఒడ్డుకి చేరి ఆగింది. ఉప్పు ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. అంటే ఎవరో దాన్ని నీళ్లలోంచి తీసేశారన్నమాట. ఇక్కడే కదా మనం ఆపింది.

ఇవాళ ఆదివారం.

చర్చిలో పాస్టరుగారు సహనం గురించి ప్రసంగిస్తున్నారు. ఆ సంగతి ఏంజలిన్ చెవికెక్కితే బాగుండేదే. ఆమె బైబిలు మధ్యలో ఫోను పెట్టుకుని కూర్చుంది. బుర్ర తొందర తొందరగా కబుర్లు చెప్పేలా రాధారాణి మేడమ్ ఉపగ్రహం ద్వారా ఆజ్ఞ పంపించి ఉన్నారు కాబట్టి కొన్ని నిమిషాలకోసారి కొత్త అంకెలు వస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం వచ్చిన ఒక అంకె ఆమెని రాత్రంతా పడుకోనివ్వలేదు. వేడి ఠక్కున తగ్గింది. ఉప్పు సున్నా కాకుండా, సున్నా పక్కన పిసరంత కనిపించింది. మంచినీళ్లు! ఎవరో గాజు గొట్టాన్ని మంచినీళ్లతో కడిగారు. సముద్రంలోంచి తీసిన బుర్రకి ముందుగా చెయ్యాల్సిన సేవ అదే. వలలు లాగేవాళ్లకి ఆ సంగతి ఎవరు చెప్పారు?

ప్రసంగం సగంలో ఉండగా చుక్క కదిలింది. బారువ నుంచి సోంపేట. మరో రెండు కబుర్లకి ఇచ్ఛాపురం. సముద్రంలో ఉన్న ఇన్ని నెలల్లో ఏ రోజూ అది అంత జోరుగా నడవలేదు. పైగా అటూ ఇటూ తిరగకుండా గీత గీసినట్టు పోతోంది. రైలు డ్రైవరు కూతురు ఏంజలిన్. చిన్నప్పుడు అమ్మమ్మగారింటికి పోయి వచ్చిన దారి ఆమెకి తెలియకపోవడమేమిటి?

“ఓలమ్మ!” అంది పైకే.

సరిగ్గా అప్పుడే పాస్టరుగారు అందరినీ మౌనంగా తలలు వంచమన్నారు. ముందు వరసలో తలలన్నీ వెనక్కి తిరిగాయి. పక్కన కూర్చున్న అత్తగారు దేవమణి కోడలి తొడ మీద మెలిపెట్టి గిల్లింది. ఏంజలిన్‌కి ఆ నొప్పి తెలియనేలేదు. చుక్క అప్పటికి బరంపురం వైపు పోతోంది.

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాలో వాళ్ల రైల్వే క్వార్టరుకి వచ్చేసరికి ఎండ ముదిరింది. దేవమణి చర్చి చీర మార్చి, కోడికూర పొయ్యి మీదికెక్కించింది. ఆవిడ గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. మొగుడు రైల్వే వర్క్‌షాపులో నౌకరీలో ఉండగానే పోయాడు. ఆ నౌకరీ కొడుక్కి రావాలి. శామ్ తనకి సముద్రమే కావాలన్నాడు. ఇల్లు గడవాలి కాబట్టి ఆవిడే చీర కుచ్చెళ్లు బిగించి అదే వర్క్‌షాపులో రంగులేసే పెయింట్ షాపులో చేరింది. కొడుకు కిందటి వానల్లో ఓడెక్కడానికి బయల్దేరిన నాడు, "ఈసారి సముద్రమని ఎల్లినావంటే నా గడప తొక్కకు" అని ఇరుగుపొరుగు వినేలా అరిచింది. కొడుకు ఆ మాట పట్టుకునే పోయాడని నిమ్‌పురాలో అందరూ అనుకుంటారు. ఏంజలిన్ కూడా అలా అనుకోవడానికి ప్రయత్నించింది. అలా అనుకుంటే తన మనసుకి కాస్త తేలిక.

“ఏటే ఆ ఫోను? చర్చిలో అదే, ఇంట్లో అదే. ఉల్లిపాయలు తరుగు.”

“అత్తా, బుర్ర రైలెక్కింది.”

“బుర్ర రైలెక్కడమేటే? టిక్కెట్టెవుడు తీసినాడు?”

“ఏమో. సోంపేటలో ఎక్కింది. ఇప్పుడు ఖుర్దా దాటింది. ఇటే వస్తంది అత్తా. కిటికీ పక్కన పెట్టినారు. లోపలెక్కడో సీటు కింద తోసేస్తే దానికి ఆకాశం కనబడదు, కబురు రాదు. ఎవులో తెలిసినోలే పెట్టినారు.” ఏంజలిన్ ఫోను అత్త ముందు పెట్టింది. “బావే అయ్యుండాల.”

దేవమణి చేతిలో గరిటె ఆగిపోయింది. కోడలి వైపు తిరగలేదు.

“వస్తాదని నాకు తెల్సు,” అంది మెల్లిగా, కూరతో చెప్పుకుంటున్నట్టు.

“ఏటి తెల్సు?”

“ఏటీ లేదు. ఉల్లిపాయలు తరుగు.”

“అత్తా! ఏటి తెల్సు నీకు?”

దేవమణి స్టవ్ కట్టేసింది. కూర ఇంకా ఉడకలేదు. ఏ పరిస్థితిలోనూ సగం ఉడికిన కూర దించని మనిషి, మంట ఆర్పి, చేతులు కొంగుకి తుడుచుకుని పీట మీద కూలబడింది.

“దాని మీద కేజీపీ అని రాసుంది కదా. బారువోలకి కేజీపీ అంటే ఖరగ్‌పూరని తెలవదేటి? ఇంటికొకడు ఈ ఊర్లో పనిసేసినోడే. రైల్వే సామాను ఒడ్డుకి కొట్టుకొచ్చిందనుకునుంటారు. రైలెక్కించి పంపించీసుంటారు.”

“కేజీపీ అని రాసుండడమేటి? ఆ బుర్రని నా సేతుల్తో బిగించినాను. దాని మీద ఏ రాతా లేదు.”

“నాను రాసినాను.”

ఏంజలిన్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మీకూ పడుతుంది కాబట్టి పెయింట్ షాపులో దేవమణి చేసే పనేమిటో చెప్పాలి. వర్క్‌షాపులో బాగుచేసి బయటికి పంపే ప్రతి వ్యాగను మీదా, అది ఏ షాపుదో, మళ్లీ మరమ్మతుకి ఏ నెలలో వెనక్కి రావాలో తెల్లరంగుతో రాస్తారు. ఆ వ్యాగను బొగ్గుకి పోతుందో, బియ్యానికి పోతుందో, దేశంలో ఏ మూల పక్క పట్టాల మీద పడుంటుందో ఎవరికీ తెలియదు. కానీ ఆ నెల దగ్గర పడేసరికి ఎవరో ఒకరు ఆ రాత చూసి వెనక్కి మళ్లిస్తారు. ఆ అక్షరాలు రాసే చెయ్యి దేవమణిది. అచ్చురేకులు పెట్టకుండా ఉత్తి బ్రష్షుతో రాసినా గీత వంకర పోదని షాపులో పేరు.

“ఆడు బయల్దేరే ముందు రాత్రి దాన్ని ఇంటికి తెచ్చినాడు కదా, తెల్లారగట్ల లారీ వస్తాదని,” అంది దేవమణి. “అట్టపెట్టిలో సర్ది, ఆ నీళ్లలో కరిగిపోయే పట్టీలు సుట్టినాడు. పొద్దున్న ఆడు స్నానానికెల్తే నాను ఒక పక్క ఇప్పినాను. మెడ మీద రాసినాను. మల్లా సుట్టీసినాను. ఓడ మీద పెట్టెతోటే నీళ్లలోకి తోసేస్తారు కదా, ఆడికెలా తెలుస్తాది?”

“గడప తొక్కొద్దన్నావు కదా ఆ పొద్దున్నే?”

“అన్నాను. నోటితో అన్నాను. సేత్తో రాసినాను.” దేవమణి కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “ఎన్ని వ్యాగన్ల మీద రాసినానో నాకే తెలవదు. ఒక్కటీ తప్పిపోలేదే అమ్మీ. ఆ రాతుంటే సాలు, ఎవుడో ఒకడు ఇటు తోలేస్తాడు. ఆడి మీద రాయలేను కదా. ఆడు సేసిన బుర్ర మీద రాసినాను.”

“ఏ నెల రాసినావు?”

“ఇదే. ఈ నెలాఖరుకి నా నౌకరీ అయిపోద్ది. క్వార్టరు అప్పజెప్పీయాల. ఆ తరవాత ఆడొస్తే ఈ తలుపెవుడు తీస్తాడు? మనం ఎక్కడున్నామో ఆడికెవుడు సెప్తాడు?”

ఏంజలిన్ లేచి వెళ్లి అత్తగారిని కావలించుకోవాల్సిన చోటు ఇది. లేవబోయింది కూడా. సగం లేచి ఆగిపోయింది. ల్యాబులో పనిచేసేవాళ్లకి ఇదొక జబ్బు, ఏడుపు మధ్యలో కూడా మెదడు వేరే పని చేసేస్తూ ఉంటుంది.

“రాసేటప్పుడు దాన్ని ఎలా పెట్టినావు అత్తా?”

“ఎలాగేటి? బకెట్టు మీద బోర్లించినాను. మెడ పైకొచ్చింది.”

“రంగు కారిందా?”

దేవమణి మొహంలో మొదటిసారి తడబాటు కనిపించింది. “రంగులో తిన్నరు కొంచెం ఎక్కువైపోనాది. ఒక సుక్క జారి ఆ గాజు గొట్టంలోకి పోనాది. గుడ్డ దూరలేదు. సీపురుపుల్లతో లాగినాను. మల్లీ సూస్తే ఏటీ కనపడలేదు. పోయిందనుకున్నాను. ఏటే అలగ సూస్తన్నావు?”

ఏంజలిన్ చెప్పింది. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆ గాజు గొట్టంలోకి సముద్రం నీళ్లు వస్తాయి. ఉప్పుంటే నీళ్లలో కరెంటు పారుతుంది, ఎక్కువ ఉప్పుంటే ఎక్కువ పారుతుంది. బుర్ర కొలిచేది ఆ పారుదలే. గొట్టం లోపల రంగు పొరకట్టి దారి ఇరుకైతే కరెంటు తక్కువ పారుతుంది. అప్పుడు అది ఉప్పే తక్కువుందనుకుంటుంది. రెండు తక్కువ అనుకుంది. శామ్ తొట్టిలో ముంచాడు. సరిగ్గానే చూశాడు. రంగు చుక్క పడింది ఆ తరవాత.

“ఉప్పు తగ్గిందని మీరందరూ అంటంటే,” అంది దేవమణి, “సముద్రంలో తగ్గిందనుకున్నాను. నాకేటి తెల్సు?”

“ఇన్ని నెలలు నోరు విప్పలేదేటి అత్తా? రంగేసినానని ఒక్క ముక్క నాతో అనలేకపోనావా?”

“ఏ మొహం పెట్టుకుని అంటానే? రావొద్దని అరిసి, దొంగతనంగా రమ్మని రాసుకున్న ముసిల్దాన్ని!” ఆవిడ గొంతు పెంచి, అంతలోనే తగ్గించింది. “అంటే ఆడి పని నాను తీసినానా? ఆడి పేరు నాను సెడగొట్టినానా?”

ఏంజలిన్ తరగని ఉల్లిపాయల్ని పక్కకి తోసేసింది. కోపం లేకపోలేదు. గిన్నె ఎత్తి గోడకి కొట్టాలన్నంత ఉంది. కానీ ఆ కోపాన్ని అత్తగారి నెత్తిన పెట్టి తను తప్పుకోలేకపోయింది. శామ్ ఓడ మీంచి ఆఖరుసారి ఫోను చేసినప్పుడు లోకమంతా అడిగిన ప్రశ్నే తనూ అడిగింది: "నిజంగా తొట్టిలో పెట్టినావా బావా?" అవతల అలల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తరవాత ఫోను పెట్టేసిన చప్పుడు. ఊరంతా నమ్మకపోయినా అతను ఇంటికి వచ్చి ఉండేవాడు. పెళ్లాం కూడా అడిగింది కాబట్టి రాలేదు. ఆ సంగతి ఆమెకి మొదటి రోజు నుంచీ తెలుసు. పక్కన ఖాళీగా ఉన్న దిండు మీద చెయ్యి వేసుకుని పడుకున్న ప్రతి రాత్రీ తెలుసు. ఒక్కసారి ఎదురుగా వచ్చి నిలబడితే చాలు, ఆ మాట వెనక్కి తీసుకుంటానని దేవుణ్ణి ఎన్నిసార్లు బతిమాలుకుందో.

ఎండ వాలుతుండగా ఫోను మళ్లీ మోగింది. చుక్క బాలాసోర్ దాటింది.

“లే అత్తా,” అంది ఏంజలిన్. “స్టేషనుకెళ్దాం.”

“నాను రాను. ఏ మొహంతో వస్తాను?”

“రాసిన సేత్తోనే రా.”

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడుగు సంగతి ఎవరికి చెప్పాలి? ఒక కొసన నిలబడితే రెండో కొసన దిగినవాడు మనవాడో కాదో తెలియదు. ఇద్దరూ మధ్యలో నిలబడ్డారు. దేవమణి ఇంట్లో కట్టుకున్న పసుపు మరకల చీరతోనే వచ్చేసింది. రైలు లోపలికి వచ్చి నెమ్మదించింది. కూలీలు, ట్రంకు పెట్టెలు, పిల్లల ఏడుపులు, "దాదా, సైడ్ దీజియే" అనే కేకలు. ఏంజలిన్ దిగేవాళ్లని చూస్తోంది. దేవమణి మాత్రం కిటికీ కిటికీకీ వెళ్లి లోపలికి తొంగిచూస్తోంది. మొదట మెల్లిగా పిలిచింది. తరవాత సిగ్గు వదిలేసి, "ఒరే శామూ, నాన్రా, అమ్మని" అని ప్రతి కిటికీలోంచీ పిలుస్తూ నడిచింది. ఒక బెంగాలీ ముసలాయన జాలిపడి, "దీదీ, ఎవరి కోసం?" అని హిందీలో అడిగాడు. ఆవిడ జవాబు చెప్పకుండా పక్క కిటికీకి పోయింది.

జనం పలచబడ్డారు. శామ్ లేడు. పసుపుపచ్చ బుర్రా లేదు.

ఏంజలిన్ ఫోను తీసింది. ఎంత తెలివితక్కువ పని చేశారో అప్పుడు అర్థమైంది. బుర్ర మీద కేజీపీ అని ఉంటే మనిషి కూడా కేజీపీలోనే దిగుతాడనుకున్నారు. చుక్క ఒక స్టేషను వెనకాల, హిజ్లీలోనే దిగిపోయింది. రైలు అక్కడా ఆగుతుంది కదా. ఇప్పుడు అది స్టేషన్లో కూడా లేదు. క్యాంపస్ లోపల, ల్యాబు వెనకాల ఉంది.

“ఇంటికి రాకుండా అక్కడికెందుకెల్లినాడు?” అంది దేవమణి.

“తొట్టి దగ్గరికి అత్తా. పేరు కడుక్కుని ఇంటికి రావాలనుకున్నాడు.”

ఆమె ఆ మాట అంటుండగానే కొత్త అంకెలు వచ్చాయి. వేడి తగ్గింది. ఉప్పు పెరిగింది. ఇన్నాళ్ల తరవాత బుర్ర మళ్లీ ఉప్పునీళ్లలో ఉంది. ముప్పై మూడు. కానీ ఆ తొట్టిలో నీళ్లు ముప్పై అయిదు. శుక్రవారం ఉప్పు తూచి కలిపింది తనే. తొట్టికి తగిలించిన బోర్డు మీద ఆ అంకె పెద్దగా రాసి ఉంటుంది. ఈ అంకెలు ఎవరైనా చూడొచ్చు. శామ్ ఇప్పుడు తన ఫోనులో ముప్పై మూడు చూస్తాడు, బోర్డు మీద ముప్పై అయిదు చూస్తాడు. సముద్రంలో ఎంత తక్కువో ఇక్కడా అంతే తక్కువ. గొట్టం లోపల రంగు ఉందని అతనికి తెలియదు. అందరూ అన్నదే నిజమని, తప్పు తనదేనని ఇన్నాళ్లకి తనే నమ్మేస్తాడు. అమ్మ రాసిన అక్షరాలు చూసి వచ్చినవాడు, ఆ అక్షరాల వల్లే వెనక్కి పోతాడు. ఈసారి పోతే జాడ చెప్పడానికి చుక్క కూడా ఉండదు.

“ఆటో!” అని అరిచింది.

దారి పొడుగునా ఏంజలిన్ ల్యాబుకి ఫోను చేస్తూనే ఉంది. ఆదివారం ఎవరెత్తుతారు? రాధారాణి మేడమ్ ఎత్తారు గాని, ఆవిడ ఎక్కడో పెళ్లిలో ఉన్నారు. షెహనాయి మోతలో "క్యా? రంగా? గాజు గొట్టంలోనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. మోతకి దూరంగా బయటికి వచ్చారు. ఆఖరికి, "అతన్ని ఆపు ఏంజలిన్. నేను క్షమాపణ అడగాలి" అన్నారు.

ఫోను పెట్టేసేసరికి మరో అంకె వచ్చింది. ఉప్పు సున్నా.

“తీసేసినాడు,” అంది ఏంజలిన్. “సూసేసినాడు అత్తా.”

“దాదా, జల్దీ సలో!” అని దేవమణి ఆటోవాడి వీపు మీద చరిచింది.

క్యాంపస్ ముందు రోడ్డు చీలుతుంది. ఒకటి గేటు వైపు, ఇంకొకటి హిజ్లీ స్టేషను వైపు. అటా ఇటా అన్నట్టు ఆటో నెమ్మదించింది. గేటు దగ్గర కాపలా మనిషి ఏంజలిన్‌ని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. శామ్‌దాదా ఇప్పుడే వచ్చి ఇప్పుడే వెళ్లిపోయాడని, టీ తాగమన్నా ఆగలేదని, స్టేషను వైపు వేలు చూపించాడు. బుర్రని తొట్టి గట్టు మీద వదిలేసి వెళ్లాడట.

దేవమణి ఆటో ఆగకముందే దిగిపోయింది.

“నువ్వు ఆడి కోసం పో. ఆ బుర్ర నాను తెస్తాను.”

“నీకు బరువు అత్తా.”

“నాదే కదే ఆ సుక్క. నానే మోస్తాను. పో!”

ల్యాబు గుమ్మం ఏనాడూ తొక్కని మనిషి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని గేటులోకి పరిగెత్తింది.

హిజ్లీ స్టేషన్లో ఏంజలిన్ ఆటో దిగి, డబ్బులు ఇవ్వడం కూడా మరిచిపోయి ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. ఇటువైపు మనుషులు లేరు. పట్టాల అవతల, దక్షిణానికి పోయే రైళ్ల ప్లాట్‌ఫారం మీద నలుగురైదుగురు ఉన్నారు. అందులో ఒకడు వేపచెట్టు నీడలో, భుజాన సంచీతో, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు. సన్నబడ్డాడు. జుట్టు మెడ మీదికి పెరిగింది. చొక్కా ఆమె ఎరగనిది. కానీ ఎడం కాలి మీద బరువు వేసి, కుడి కాలి వేళ్లతో నేల రాస్తూ నిలబడే తీరు ఆమె ఎరిగినది. పెళ్లికి ముందు నుంచీ ఎరిగినదే.

ఏంజలిన్ ప్లాట్‌ఫారం అంచుదాకా వెళ్లింది. ఇన్ని నెలలు లోలోపల పిలిచీ పిలిచీ, పైకి పిలవడం మరిచిపోయినట్టయింది. వంతెన దూరంగా ఉంది. బాలాసోర్ వైపు పోయే బండికి సిగ్నల్ అప్పటికే పడింది.

“బావా!”

శామ్ తిరిగాడు. చూశాడు. గుర్తుపట్టాడు. మొహంలో ఏదో కదిలింది. ఒక అడుగు ముందుకి కూడా వేశాడు. అంతలోనే తొట్టి బోర్డు మీది అంకె గుర్తొచ్చినట్టు తల దించుకుని, చెయ్యెత్తి వద్దన్నాడు. ఆ పైన ఆమెకి వినపడేటట్టు అన్నాడు.

“నువ్వడిగిందే రైటు ఏంజీ. నాను సరిగ్గా సూసుండను. ఇంటికెల్లిపో.”

“కాదు బావా! నీ తప్పు కాదు! గొట్టంలో...”

హారన్ మోగింది. ఏంజలిన్ ఇంకా అరుస్తూనే ఉంది. రంగు అంది, అత్త అంది, నన్ను క్షమించు అంది. శామ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు. వాళ్లిద్దరి మధ్యకీ రైలొచ్చి ఆగింది.